28 గదుల మాత్రల డబ్బా: పద్నాలుగు నెలలు వాడాక

ఆన్‌లైన్‌లో 299 రూపాయలకి కొన్న ప్లాస్టిక్ డబ్బా ఇది. వారానికి ఏడు పట్టీలు, ఒక్కో పట్టీలో నాలుగు గదులు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఏ రోజు పట్టీని ఆ రోజు ఊడదీసి జేబులో పెట్టుకుపోవచ్చు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు దీని గురించి చాలామందే రాశారు. మానసిక ఆరోగ్యం మందులు వాడేవాళ్లు రాసింది మాత్రం కొనేముందు ఎంత వెతికినా నాకు ఒక్కటీ కనపడలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు హద్దు లేని జోరు మీద, కొన్నాళ్లు బాగా కుంగిపోయి ఉండే జబ్బు. పన్నెండేళ్ల నుంచి మందుల మీద ఉన్నాను, అందులో ఎనిమిదేళ్లు లిథియం, గత మూడేళ్లుగా దానికి తోడు లురాసిడోన్, రెండూ ఈ జబ్బుకే. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. డబ్బాకి ఐదుకి నాలుగు స్టార్లు ఇచ్చాను. ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కింద ఉంది.

అసలు నా ఇబ్బంది మందు మర్చిపోవడం కాదు, వేసుకున్నానో లేదో గుర్తుండకపోవడం. రోజూ అదే టైముకి అదే గ్లాసుతో చేసే పని కాబట్టి నిన్న మింగింది ఇవాళ మింగినట్టే ఉంటుంది. స్ట్రిప్ తీసి ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టేవాణ్ని, ఎప్పుడు మొదలుపెట్టానో తెలియక మళ్లీ మొదటికే వచ్చేది. మా ఆవిడ "వేసుకున్నారా?" అని అడిగేది, నాకు చిరాకొచ్చేది, ఆమెకి కోపమొచ్చేది, అలా చిన్న మాట మీద పెద్ద గొడవలు పడ్డ రాత్రులు ఉన్నాయి. ఒకట్రెండుసార్లు అనుమానంతో మళ్లీ వేసుకున్నాను కూడా. లిథియంతో అది ఆడుకునే పని కాదు. రక్తంలో అది లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలంటారు, 1.5 దాటితే ఒంట్లో విషం లక్షణాలు మొదలవుతాయి. తక్కువైతే పని చెయ్యదు, కొంచెం ఎక్కువైతే మనిషిని పడేస్తుంది. అంత ఇరుకు సందులో నడిచే మందు.

ఈ డబ్బాతో ఆ అనుమానం పోయింది. బుధవారం రాత్రి గది మూత టక్‌మని తెరుచుకుంటుంది, మాత్రలు అరచేతిలో ఒంపుకుంటాను, మింగాక మూత వెయ్యను, తెరిచే వదిలేస్తాను. తెరిచి ఉందంటే వేసుకున్నట్టు, మూసి ఉందంటే వేసుకోనట్టు. మా ఆవిడ ఇప్పుడు అడగదు. వంటిల్లు సర్ది లైటు తీసేముందు డబ్బా వైపు ఒకసారి చూస్తుంది, అంతే. నా 299 రూపాయలు ఆ ఒక్కదానికే తీరిపోయాయి.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక ఇద్దరం కూర్చుని వారానికి సరిపడా నింపుతాం. వచ్చినప్పుడు రోజుల పేర్లు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉన్నాయి. మంగళవారానికీ గురువారానికీ ఒకే అక్షరం, శనికీ ఆదివారానికీ ఒకే అక్షరం. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తెల్ల స్టిక్కర్ల మీద స్కెచ్ పెన్నుతో ఆ, సో, మం, బు, గు, శు, శ అని రాసి అంటించి పైన సెల్లోటేపు వేసింది. ఆ పని ఆమెకి చెప్పేటప్పుడే నాన్నకి ఏ జబ్బుందో, ఈ మాత్రలు ఎందుకో మొదటిసారి వివరంగా చెప్పాను. వినేసి, "అయితే రాత్రి గదికి వేరే రంగు వేస్తాను" అంది. నీలం వేసింది.

ఇక డబ్బా ఎక్కడ పెట్టాలన్న సంగతి. మొదట్లో మంచం పక్కన స్టూలు మీద పెట్టాను, పది గంటలకి పడుకునేముందు ఓ గ్లాసు నీళ్లతో మింగి పడుకునేవాణ్ని. రెండు నెలల తర్వాత డాక్టరుగారికి ఆ మాట చెబితే, లురాసిడోన్ కూడా అలాగేనా అని గట్టిగా అడిగారు. ఆ మందు కనీసం 350 కేలరీల తిండితో కలిపి వేసుకోవాలట, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి పట్టేది దాదాపు సగమే. ఇది చీటీలో "భోజనంతో" అని రాసే ఉంది, నేనే "భోజనం తర్వాత ఎప్పుడో" అని అర్థం చేసుకున్నాను. యార్డు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో రెండు ఇడ్లీలు తిని పడుకునేవాణ్ని, వాటితో ఈ లెక్క తీరదు. అంటే అప్పటిదాకా డబ్బు పెట్టి కొన్న మందు చాలావరకు వృథా అయిందన్నమాట, ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ రోజు నుంచి డబ్బా అన్నం తినే చోటుకి మారింది, ఆవకాయ జాడీ పక్కన. ఎనిమిదిన్నరకి పప్పన్నం, కూర, పెరుగు, మధ్యలో మాత్ర. తిండి ఎగ్గొట్టే రాత్రంటూ ఇప్పుడు లేదు. మీ మందు తిండితోనా, తిండికి ముందా, తర్వాతా అన్నది దయచేసి మళ్లీ ఒకసారి అడగండి. అన్ని మందులూ ఇలా ఉండవు, కానీ ఉన్నవాటితో చాలా తేడా వస్తుంది.

ఆవకాయ మాట వచ్చింది కాబట్టి ఉప్పు గురించి చెప్తాను, లిథియం వాడేవాళ్లు ఈ ఒక్క పేరా అయినా చదవాలి. రెండేళ్ల కిందట ఏప్రిల్లో జరిగింది. అమ్మకి బీపీ పెరిగిందని ఇంట్లో ఉప్పు బాగా తగ్గించారు, అందరికీ ఒకే వంట కాబట్టి నాకూ తగ్గింది, పచ్చళ్లు అటకెక్కాయి. యార్డులో సీజను జోరుగా ఉంది, టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరుగుతుంటే చొక్కా పిండితే చెమట కారేది. ఆ ఘాటుకి మాటిమాటికీ చేతులు కడుక్కుని బాత్రూముకి పోవడం కుదరదని నీళ్లు కూడా తగ్గించాను. వీటికి తోడు నడుం పట్టేస్తే దగ్గర్లోని మందుల షాపులో అడిగి ఐబుప్రోఫెన్ మాత్రలు ఐదు రోజులు వేసుకున్నాను. నేను లిథియం సంగతి చెప్పలేదు, అతను అడగలేదు. ఆరో రోజు పొద్దున టీ గ్లాసు నోటి దాకా వెళ్లలేదు, చెయ్యి అంతలా వణికింది. సాయంత్రానికి విరేచనాలు, వాంతులు, గోడ పట్టుకుంటే గాని నడవలేకపోవడం, మాట ముద్దముద్దగా రావడం. మా తమ్ముడు తాగి వచ్చానేమో అనుకున్నాడు. ఆసుపత్రిలో రక్తం తీస్తే లిథియం 1.7. మందు ఆపి, సెలైన్లు ఎక్కించి, నాలుగు రోజులు ఉంచుకున్నారు.

ఎందుకలా అయిందో తర్వాత డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. లిథియం కూడా ఉప్పులాంటిదే, దాన్ని బయటికి పంపేది కిడ్నీలే. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే కిడ్నీలు ఉన్న ఉప్పుని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి, ఆ లాక్కోవడంలో లిథియాన్నీ లాక్కుంటాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా అది బయటికి పోకుండా అడ్డుపడతాయి. నాకు మూడూ ఒకే వారంలో కలిశాయి. అదే ఉప్పు ఉన్నట్టుండి పెంచేస్తే లిథియం తగ్గిపోతుంది, జబ్బు తిరగబెడుతుంది. అంటే ఉప్పు ఎక్కువా తక్కువా అన్నది కాదు, ఇవాళ ఎంతో రేపూ అంతే ఉండాలి. ఇప్పుడు అమ్మకి కూర విడిగా తీసి నా వాటాలో ఉప్పు ఎప్పటిలాగే వేస్తుంది మా ఆవిడ. నొప్పి వస్తే డాక్టరుగారు చెప్పిన పారాసిటమాల్ ఒక్కటే. ఎవరైనా బీపీ మాత్ర కొత్తగా రాసినా ముందు లిథియం అని చెప్తాను, వాటిలో కొన్ని కూడా దీన్ని పెంచుతాయి. విరేచనాలో జ్వరమో పట్టుకున్న రోజున సొంతంగా ఏదీ చెయ్యకుండా ఫోన్ చేసి అడుగుతాను.

నీళ్ల కోసం డబ్బాని ఇంకోలా వాడుతున్నాను. నాకు మధ్యాహ్నం, సాయంత్రం మాత్రల్లేవు, ఆ గదులు ఖాళీ. మధ్యాహ్నం గదిలో రెండు చింతగింజలు వేసుకుంటాను. ఆ రోజు పట్టీ జేబులో ఉంటుంది. లీటరు సీసా ఒకటి అయిపోతే ఒక గింజని సాయంత్రం గదిలోకి మారుస్తాను, రెండోది అయిపోతే రెండో గింజ. ఇంటికొచ్చేసరికి రెండు గింజలూ సాయంత్రం గదిలో ఉండాలి. నడుస్తుంటే జేబులో గలగలమంటాయి, ఆ చప్పుడికే నీళ్లు గుర్తొస్తాయి. లిథియం వాడితే దాహం ఎక్కువ, మొదటి ఏళ్లలో ఆ దాహానికి కూల్‌డ్రింకులు తాగి తొమ్మిది కిలోలు పెరిగాను. ఇప్పుడు నీళ్లు, మజ్జిగ, అంతకు మించి లేదు. పొద్దున్నే నలభై నిమిషాలు నడుస్తాను, ఎండ ముదరకముందే. నాలుగు కిలోలు తగ్గాను, అంతకంటే ముఖ్యంగా రాత్రి నిద్ర తొందరగా పడుతోంది.

టీ గురించి కూడా ఎవరూ చెప్పరు. సీజన్లో నేను రోజుకి ఎనిమిది టీలు తాగేవాణ్ని. ఆరోగ్యంగా ఉందామని ఒక్కసారిగా మానేద్దామనుకుంటే డాక్టరుగారు ఆపారు. టీ, కాఫీల్లోని కెఫీన్ లిథియాన్ని మూత్రంలో ఎక్కువగా బయటికి పంపుతుంది, ఒక్కసారిగా ఆపేస్తే లోపల లిథియం పెరుగుతుంది. కాబట్టి వారానికి ఒకటి చొప్పున తగ్గించుకుంటూ మూడుకి వచ్చాను, మధ్యలో ఒకసారి రక్తపరీక్ష చేయించారు. ఓపీలో పరిచయమైన ఒకాయన కథ ఇంకా ఆశ్చర్యం. ఆయన వాడేది ఓలాంజపిన్ అనే మానసిక ఆరోగ్యం మందు, తాగేది రోజుకి కట్ట బీడీలు. అయ్యప్ప మాల వేసుకుని బీడీ మానేశాక రెండో వారానికల్లా పగలంతా మత్తు, భజనలో కూర్చునే నిద్ర. మందు మారిందేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మారలేదు. పొగ వల్ల కాలేయం ఆ మందుని తొందరగా కరిగించేస్తుందట, పొగ ఆగిపోయాక అదే మాత్ర ఎక్కువ మోతాదులా పనిచేసింది. డాక్టరుగారు మోతాదు తగ్గించారు, మాల తీశాక కూడా ఆయన బీడీ ముట్టలేదు. క్లోజపిన్ అనే ఇంకో మానసిక ఆరోగ్యం మందు వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. మంచి అలవాటు మొదలుపెట్టినా, చెడ్డది మానినా, ఉపవాసాలున్నా ముందు మందు రాసినవాళ్ల చెవిన వెయ్యాలని అప్పుడు అర్థమైంది నాకు.

నిద్ర మాత్రం నేను గెలవడానికి ఏళ్లు పట్టింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తుతుంది, రాత్రిళ్లు లారీల లోడింగ్ దగ్గర ఉండేవాణ్ని. రెండు రాత్రులు నిద్ర లేకపోతే మూడో రోజుకి నాలో మాట జోరు పెరిగేది, డబ్బు లెక్కలేకుండా ఖర్చయ్యేది, అప్పుడు ఎంత మంచి మందు లోపలున్నా ఆగేది కాదు. జబ్బు తిరగబెట్టిన మూడుసార్లూ సీజన్లోనే, మూడుసార్లూ రాత్రి పని తర్వాతే. ఇది ఒక నోటుబుక్కులో తేదీలు వేసి చూసుకుంటే గాని నాకు కనపడలేదు. మా షావుకారు దగ్గరికెళ్లి, "రాత్రి మందులు వాడుతున్నానండి, తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి, జీతం తగ్గించినా సరే" అన్నాను. జేబులోంచి ఆ పట్టీ తీసి చూపించాను. ఏం జబ్బని ఆయన అడగలేదు, "పొద్దున కాటాల దగ్గర నువ్వు చూసుకో" అన్నారు. జీతం తగ్గించలేదు. గడిచిన సీజను మొత్తం జబ్బు తిరగబెట్టకుండా దాటింది.

రక్తపరీక్షకి ఈ డబ్బా బాగా సాయం. లిథియం పరీక్షకి ఆఖరి మోతాదు వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి. ఎనిమిదిన్నరకి వేసుకుంటాను, పొద్దున ఎనిమిదిన్నరకి ల్యాబులో ఉంటాను. మునుపు ఎప్పుడు వేసుకున్నానో ఉజ్జాయింపుగా చెప్పేవాణ్ని, అంకెలు ఒకసారి 0.5, ఒకసారి 0.9 వచ్చేవి, మోతాదు పెంచాలా తగ్గించాలా అని డాక్టరుగారు తల పట్టుకునేవారు. గత నాలుగు పరీక్షలూ 0.7 దగ్గరే. పొద్దున కూడా లిథియం వేసుకునేవాళ్లు రక్తం ఇచ్చాకే ఆ గది తెరవాలి. కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు కూడా డాక్టరుగారు చెప్పినప్పుడల్లా చేయించుకుంటున్నాను.

ఇప్పుడు లోపాలు. మొదటిది మూతలు. కొత్తలో గట్టిగా ఉన్నాయి, ఏడాది తిరిగేసరికి రెండు గదుల మూతలు వదులైపోయి జేబులోనే తెరుచుకుంటున్నాయి, పట్టీకి రబ్బరు బ్యాండు వేసుకుంటున్నాను. రెండోది ఇంకా పెద్దది: చిన్నపిల్లలు కూడా సులువుగా తెరవగలరు. మా చెల్లెలు రెండేళ్ల బాబుతో వచ్చినప్పుడు వాడు గలగల శబ్దానికి డబ్బా లాక్కున్నాడు, అప్పటికే ఒక మూత తెరిచాడు, నా గుండె ఆగినంత పనైంది. పిల్లలుంటే డబ్బా బీరువా పైనే ఉండాలి. పెట్టె మీద ఈ హెచ్చరిక ఉండాల్సింది, లేదు. ఒక స్టార్ కోసింది ఇందుకే.

ఇంకో సంగతి డబ్బా తప్పు కాదు గాని ఎక్కడా రాయలేదు. నా డబ్బా చూసి ఓపీలో ఒకావిడ వాళ్లబ్బాయికి కొన్నారు. అతను వాడేది సోడియం వాల్‌ప్రోయేట్, అదీ బైపోలార్‌కి, మూర్ఛకి ఇచ్చే మందే. వానాకాలంలో రేకు చించి మాత్రలు గదుల్లో వేస్తే మూడో రోజుకి జిగటగా అయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ మందు గాలిలో తేమని పీల్చుకుంటుంది, మింగేదాకా రేకులోనే ఉండాలి. ఇప్పుడు ఆవిడ స్ట్రిప్‌ని కత్తెరతో ఒక్కో మాత్రకి కోసి రేకుతో సహా పెడుతున్నారు, ఈ గదుల్లో అలా ఒకటే పడుతుంది, అంచులు గుచ్చుకుంటాయి. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లు ఇంకొంచెం పెద్ద గదులున్నది కొనండి. ఏ మందైనా గదిలో వేసేముందు రేకు తియ్యొచ్చా అని అడిగితే మంచిది.

బంధువులొచ్చినప్పుడు ఇదొక మేలు. స్ట్రిప్ మీద పేరు చదివి ఫోన్లో వెతికేవాళ్లు ఉంటారు. డబ్బాలో వేశాక నా మాత్రలు కూడా అమ్మ బీపీ మాత్రల్లాగే కనిపిస్తాయి, ఎవరూ ఏమీ అడగరు. కానీ ఆపదలో డాక్టరుకి పేర్లు తెలియాలి కదా, అందుకని మందుల పేర్లు, మోతాదు, మా డాక్టరుగారి నంబరు రాసిన చీటీ డబ్బా అడుగున టేపుతో అంటించాను. దాని కింద 14416 కూడా రాశాను. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. శ్రీశైలం వెళ్లినప్పుడు డబ్బా ఇంట్లోనే మర్చిపోయి రాత్రి పదకొండుకి ఆ నంబరుకి ఫోన్ చేశాను. మర్నాడు దొరికాక ఎప్పటి మోతాదే వేసుకోమని, తప్పిందని రెండింతలు వేసుకోవద్దని, మీ డాక్టరుకి చెప్పమని నిదానంగా చెప్పింది ఫోన్ ఎత్తిన అమ్మాయి. ఆ పదినిమిషాల్లో నా టెన్షన్ సగం తగ్గింది.

అలారం మోగే డబ్బా ఒకటి 1,400కి ముందు తెప్పించి చూశాను, యార్డు గోలలో వినపడదు, వాపసు పంపేశాను. ఫోన్ అలారం చాలు. రోజుకి ఒక్కసారే మందులుంటే ఏడు గదులది నూరు రూపాయలకే వస్తుంది, కానీ చింతగింజలకి చోటు ఉండదు కాబట్టి నాకు ఇదే కావాలి. మూతలు వదులయ్యాయని ఇదే మోడల్ ఇంకోటి నిన్న ఆర్డర్ పెట్టాను, అమ్మాయి అప్పుడే స్టిక్కర్లు కోసి పెట్టుకుంది. మూతలు ఈసారి ఎన్నాళ్లు నిలుస్తాయో ఆరు నెలలయ్యాక మళ్లీ రాస్తాను.